సెక్షన్ నంబరు లేని జవాబును నమ్మకండి

2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ మండలి 56వ సమావేశం ముగిసిన రాత్రే కొత్త రేట్ల జాబితాలు ఫోన్లలో తిరిగాయి. 12, 28 శాతం శ్లాబులు పోతున్నాయి, సబ్బులు, టూత్‌పేస్టు 18 నుంచి 5కి, సిమెంటు 28 నుంచి 18కి దిగుతాయి, 22 నుంచి అమలు. వార్త నిజమే. కానీ షాపులో బిల్లు రాసే అకౌంటెంటుకి అది చాలదు. 20న సరుకు పంపి బిల్లు కూడా ఇచ్చేశాం, డబ్బు మాత్రం 25న వచ్చింది. పన్ను పాత రేటా, కొత్త రేటా? దానికి జవాబు కేంద్ర జీఎస్టీ చట్టం 14వ సెక్షన్‌లో ఉంది. రేటు మారకముందే సరుకు వెళ్లి, బిల్లు కూడా ఇచ్చి ఉంటే డబ్బు తర్వాత వచ్చినా పాత రేటే.

ఆరోగ్య బీమా సంగతీ అంతే. పాలసీలకు జీఎస్టీ ఎత్తేశారన్న శీర్షిక ఒక్కటే చదివినవారు, కంపెనీ తన ఉద్యోగులకు తీసుకున్న గ్రూప్ పాలసీకీ పన్ను పోయిందనుకుంటారు. మినహాయింపు ఇచ్చింది వ్యక్తిగత పాలసీలకు, కుటుంబమంతా కలిసి తీసుకునే ఫ్లోటర్ పాలసీలతో సహా. గ్రూప్ పాలసీలకు కాదు.

లెక్కల ఉద్యోగంలో ఏ ప్రశ్నకు ఎక్కడ జవాబు వెతకాలో తెలిస్తే సగం చదువు అయినట్టే. మూడు చోట్ల వెతకడం అలవాటు చేసుకోండి.

మొదటిది మూలం: చట్టం, నోటిఫికేషన్, సర్క్యులర్. కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు (సీబీఐసీ) వెబ్‌సైట్‌లో అన్నీ ఉచితం. ఆ ఇంగ్లిష్ బరువుగా ఉంటుంది. అయినా భయపడకండి, మొత్తం చదవక్కర్లేదు. మీ సరుకు హెచ్‌ఎస్‌ఎన్ నంబరు ఉన్న వరుస, దానికి పెట్టిన షరతు, అమలు తేదీ చూస్తే చాలు.

రెండోది వివరణ. సీబీఐసీ విడుదల చేసే ప్రశ్నలు-జవాబులు, చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ ఉచితంగా ఇచ్చే జీఎస్టీ పుస్తకాలు, పత్రికల బిజినెస్ పేజీ ఈ కోవలోకి వస్తాయి. వీడియోలూ చూడండి. అయితే సెక్షన్ నంబరుగానీ నోటిఫికేషన్ తేదీగానీ చెప్పని వివరణను, ఎంత బాగా చెప్పినా సరే, పక్కన పెట్టండి.

మూడోది అనుభవం. నోటీసు వచ్చినప్పుడు ముందుగా ఏ కాగితాలు సర్దుకోవాలో సీనియర్ ఆడిటర్ చెప్పినంత బాగా పుస్తకం చెప్పదు. ఆయన్ని అడిగే తీరు కూడా నేర్చుకోవాలి. “సార్, ఏం చెయ్యమంటారు?” అంటే ఒక్క ముక్కలో చెప్పి పంపిస్తారు. “సార్, 14వ సెక్షన్ చూశాను, పాత రేటే అనిపిస్తోంది, సరేనా?” అని అడిగితే కూర్చోబెట్టి వివరిస్తారు.

ఇక సమయం. నెలనెలా రిటర్నులు వేసే చోట 11, 20 తేదీల ముందు చదువు సాగదు. ఆ రోజులు వదిలేయండి. మిగిలిన రోజుల్లో పని మొదలుపెట్టే ముందు ఇరవై నిమిషాలు చాలు. వారానికి ఒకే అంశం పెట్టుకోండి: ఒక వారం ఈ-వే బిల్లు, ఒక వారం క్రెడిట్ నోటు. ఒక నోటుపుస్తకంలో తేదీ, ప్రశ్న, జవాబు, ఆధారం రాసుకోండి. అదే ప్రశ్న ఆరు నెలల తర్వాత మళ్లీ వస్తే గూగుల్ కంటే ముందు మీ పుస్తకమే జవాబిస్తుంది.

పన్ను ఒక్కటే తెలిసిన అకౌంటెంటు ఎదుగుదల ఒకచోట ఆగిపోతుంది. ఏ సరుకు మీద లాభం మిగులుతోంది, ఏది మునిగిపోతోంది అని యజమాని అడిగితే చెప్పగలగాలి. దానికి కేంద్ర ప్రభుత్వ స్వయం పోర్టల్‌లో ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలు ఉన్నాయి. మేనేజ్‌మెంట్ అకౌంటింగ్ వంటివి ఐఐటీ అధ్యాపకులు చెబుతారు. చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఏడాదికి ఒక్క కోర్సు పూర్తిచేసినా మీ మాటకు విలువ పెరుగుతుంది.

ఈ వారం యజమాని అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఎంచుకోండి. జవాబు రాసి, పక్కనే ఆధారం రాయండి. ఆధారం దగ్గర ఖాళీ మిగిలితే ఆ జవాబు మీకింకా తెలియదని లెక్క. రేపటి ఇరవై నిమిషాలు దానికే కేటాయించండి.