పీడకుడూ, పీడితుడూ – ఇద్దరూ మన పిల్లలే

దివ్య ఖుర్ఆన్ 49వ సూరా ‘అల్ హుజురాత్’ 11వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులకు మూడు విషయాలు నిషేధించాడు: ఎగతాళి చేయడం, ఎత్తిపొడవడం, చెడ్డ మారుపేర్లతో పిలవడం. ఈ ఆయతును మనం ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. కాని మన పిల్లల తరగతి గదిలో ఈ మూడూ జరుగుతుంటే ‘పిల్లలన్నాక మామూలే’ అని కొట్టిపారేస్తాం.

పోట్లాట వేరు, పీడన వేరు. సమాన బలం గల ఇద్దరు కలబడి సాయంత్రానికి కలిసిపోతే అది పోట్లాట. బలవంతుడు బలహీనుణ్ణి ఎంచుకుని, కావాలని, పదేపదే బాధపెడితే అది పీడన. 1970లలో ఈ విషయంపై పరిశోధన చేపట్టిన మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ చెప్పిన గుర్తులు కూడా ఇవే. ప్రపంచంలో దాదాపు ప్రతి ముగ్గురు విద్యార్థుల్లో ఒకరు నెల రోజుల్లో ఒక్కసారైనా తోటివారి చేతిలో ఇలాంటి బాధకు గురయ్యారని యునెస్కో 2019లో తెలిపింది.

ఈ పీడన చాలాసార్లు స్నేహం ముసుగులో సాగుతుంది. ఇద్దరూ ఒకే ఆటోలో వస్తారు, ఒకే బెంచీపై కూర్చుంటారు. ఒకడు టిఫిన్ డబ్బా లాక్కుంటాడు, హోంవర్కు రాయించుకుంటాడు. రెండోవాడు ఒంటరినైపోతానన్న భయంతో నవ్వుతూ భరిస్తాడు. ఇంట్లో మాత్రం కడుపునొప్పి అంటాడు, బడికి వెళ్ళనంటాడు. చెబితే ఇంకా కొడతారన్న భయం ఒకవైపు, పిరికివాడంటారన్న సిగ్గు మరోవైపు అతని నోరు నొక్కేస్తాయి.

సోదరుడు దౌర్జన్యపరుడైనా, పీడితుడైనా అతనికి సహాయపడమని దైవప్రవక్త (స) బోధించారు. పీడితునికి సరే, దౌర్జన్యపరునికి సహాయం ఎలా అని సహచరులు అడిగారు. దౌర్జన్యం చేయకుండా అతణ్ణి ఆపడమే అతనికి చేసే సహాయమని ఆయన వివరించారు. (బుఖారీ)

ఈ హదీసు వెలుగులో మన బాధ్యతలు గమనిద్దాం.

పీడితుని పట్ల: ముందు అతని మాట పూర్తిగా వినాలి. ‘నువ్వేం చేశావు?’ అని ఎదురు ప్రశ్న వేయకూడదు. ఉపాధ్యాయునికి చెప్పడం చాడీ కాదనీ, తన హక్కు అడగడమనీ నేర్పాలి. అవసరమైతే 1098 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

పీడకుని పట్ల: ‘మావాడు అలాంటివాడు కాదు’ అని వెనకేసుకు రావడం వాడికి సహాయం కాదు. అలాగని చావబాదడమూ పరిష్కారం కాదు. బలం ఉన్నవాడిదే రాజ్యమన్న పాఠాన్నే అది మళ్ళీ నేర్పుతుంది. ఇద్దరినీ నిలబెట్టి చేతులు కలిపించడం పోట్లాటలో పనికొస్తుంది. పీడనలో ముందు పీడన ఆగాలి. తీసుకున్న వస్తువు తిరిగి ఇప్పించాలి, క్షమాపణ అడిగించాలి. ఇది హుఖూఖుల్ ఇబాద్, అంటే సాటి మనుషుల హక్కులకు సంబంధించిన విషయం. క్షమించడం పీడితుని హక్కు. దానికోసం అతణ్ణి ఒత్తిడి చేయకూడదు.

చూసేవారి పట్ల: పక్కవాళ్ళ నవ్వే పీడకుని బలం. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) సన్నని కాళ్ళు చూసి కొందరు నవ్వినప్పుడు దైవప్రవక్త (స) మౌనంగా ఉండలేదు. ప్రళయదినాన త్రాసులో ఆ కాళ్ళు ఉహుద్ కొండకన్నా బరువు తూగుతాయని చెప్పారు. (ముస్నద్ అహ్మద్) నవ్వు ఆపడం, ఒంటరివాడి పక్కన వెళ్ళి కూర్చోవడం మన పిల్లలు చేయగల పనులే.

ఈ రాత్రి మన పిల్లల్ని మార్కుల గురించే కాక, ‘బడిలో నీ పక్కన ఎవరు కూర్చున్నారు? ఎవరైనా ఏడ్చారా?’ అని కూడా అడుగుదాం. మన పిల్లల్ని పీడన నుండీ, పీడించడం నుండీ అల్లాహ్ కాపాడుగాక! ఆమీన్.