చీటీతో కలిసిన చుట్టరికం

రాజకీయం అనగానే మన విద్యార్థుల్లో సగం మంది ముఖం తిప్పుకుంటారు. "మనకెందుకు ఆ బురద?" అంటారు. తక్కిన సగం మంది నాయకుని కారు వెనుక నినాదాలివ్వడమే రాజకీయమనుకుంటారు. ఈ రెండూ కాని మూడో దారి ఒకటున్నది. అది చేతిలో ఓటర్ల జాబితా పట్టుకొని ఇల్లిల్లూ తిరిగే చిన్న కార్యకర్త దారి. ఆ తిరుగుడు వల్ల ఎవరు గెలుస్తారన్నది అటుంచుదాం. తిరిగినవానికి నలుగురు మనుషులు ఎట్లా దొరుకుతారన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది.

ఇది మన గడ్డకు కొత్త కాదు. నిజాం పాలనలో సభ పెట్టుకోవడమే కష్టమైన రోజుల్లో 1904లో హనుమకొండలో శ్రీ రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలసింది. పత్రిక చదువుకోవడానికి వచ్చినవాళ్ళే ఒకరికొకరు తోడయ్యారు. 1930లో జోగిపేటలో మొదటి మహాసభ జరుపుకున్న ఆంధ్రమహాసభ మొదట్లో చదువుకున్నవాళ్ళ సంస్థ. 1944 భువనగిరి మహాసభ నాటికి దాని సభ్యత్వ రుసుము రూపాయి నుంచి నాలుగణాలకు దిగింది. అప్పుడు గాని అది పల్లెలోకి రాలేదు. సభ్యత్వానికి రసీదుగా చీటీ ఇచ్చేవాళ్ళు కనుక జనం దాన్ని "చీటీల సంఘం" అన్నారు. ఆ కాగితం ముక్కలో ఏమున్నది? వెట్టి చేసే మనిషి తనలాగే చీటీ తీసుకున్న మరొకణ్ణి చూసి "వీడు నావాడు" అనుకోగలిగాడు. దొర ముందు ఒంటరిగా నిలబడ్డవాడు ఆనాటి నుంచి ఒంటరి కాదు. చీటీ చేసిన పని అది.

మన కాలానికి వస్తే, 2011 సెప్టెంబరు 13న మొదలై 42 రోజులు సాగిన సకల జనుల సమ్మె ఉన్నది. నాకప్పుడు ఐదారేండ్లు. ఆ ఉద్యమ రోజుల గురించి పెద్దలను అడిగితే ఉపన్యాసాల మాట తర్వాత చెబుతారు, ముందు "వంటా-వార్పు" సంగతి చెబుతారు. రోడ్డు మీదనే పొయ్యి పెట్టి, ఒకరు బియ్యం, ఒకరు కూరగాయలు తెచ్చి, అక్కడే వండుకొని తిన్నారు. ఒక్క పొయ్యి దగ్గర పొగకు కండ్లు నలుపుకున్నవాళ్ళ నడుమ స్నేహం తొందరగా పోదు.

వ్యవసాయ కుటుంబాల వాళ్ళకు ఈ సంగతి ఎక్కువ చెప్పనక్కరలేదు. మా ఇండ్లలో నాట్లప్పుడు "బదులు" పోయేవాళ్ళు. ఇవాళ మీ పొలంలో మేము, రేపు మా పొలంలో మీరు. కూలి డబ్బులు లేవు, లెక్క మాత్రం ఉండేది. ఇప్పుడు వరి కోతకు మిషన్ వస్తున్నది, నాట్లకు బీహారు నుంచి కూలీల జట్లు వస్తున్నాయి. పని తొందరగా అయిపోతున్నది. కాని పక్క చేను రైతుతో పొద్దంతా మాట్లాడే అవసరం పోయింది. మా తరం పిల్లలు చదువు కోసం బస్సెక్కి పొద్దున పోయి రాత్రి వస్తారు. ఊళ్ళో ఉండి కూడా ఊరికి చుట్టాలమవుతున్నాము.

2024 లోక్‌సభ ఎన్నికలకు ముందు నేను హసన్‌పర్తి మండలంలో ఒక పార్టీ బూత్ కార్యకర్తల వెంట తిరిగాను. ఏ పార్టీ అన్నది ఇక్కడ అనవసరం. 18 ఏండ్లు నిండినవాళ్ళకు ఫారం 6, ఇల్లు మారినవాళ్ళకు, తప్పులు దిద్దుకునేవాళ్ళకు ఫారం 8. పెండ్లయి వచ్చిన కోడలి ఓటు తల్లిగారి ఊళ్ళోనే ఉండిపోతుంది. అది అడగాలంటే ఆ కోడలి పేరు తెలియాలి. "నా పేరున్నదా సూడు బిడ్డా" అని ముసలవ్వ అడిగితే, "ఉన్నది అవ్వా, 212వ నంబరు" అని చెప్పాలి. "నువ్వెవరి కొడుకువు రా?" అని ఆమె తిరిగి అడుగుతుంది. ఆ ప్రశ్నతోనే చుట్టరికం మొదలు. అంతవరకు నేను అడుగు పెట్టని వాడల్లో ఇప్పుడు నన్ను పేరు పెట్టి పిలుస్తారు.

మే 13న పోలింగ్. అప్పటి నిబంధన ప్రకారం కేంద్రానికి 200 మీటర్ల అవతల ఒక బల్ల, రెండు కుర్చీలు మాత్రమే వేసుకోవలసి ఉండేది. మేమిచ్చే చీటీ తెల్ల కాగితమై ఉండాలి, దాని మీద పార్టీ పేరు గాని గుర్తు గాని ఉండగూడదు. మా పక్కనే అవతలి పార్టీ బల్ల. ఎండ ముదిరేసరికి వాళ్ళ నీళ్ళ క్యాను మేము, మా సీరియల్ నంబర్లు వాళ్ళు వాడుకున్నాము.

విజ్ఞానశాస్త్ర విద్యార్థిగా నాకు పటికబెల్లం గుర్తుకు వస్తుంది. చిక్కని పాకం ఎంతసేపైనా పాకంగానే ఉండవచ్చు. అందులో దారం వేలాడదీస్తే దాన్ని పట్టుకొని స్ఫటికాలు పేరుకుంటాయి. చక్కెర దారంలో లేదు, పాకంలోనే ఉన్నది. ఊళ్ళో ఆప్యాయత కూడా అంతే. పట్టుకొని పేరుకోవడానికి ఒక పని కావాలి.

అయితే ఇందులో చేదు లేదని కాదు. సీసాలు, నోట్లు పంచే రాజకీయమూ ఇదే ఊళ్ళో ఉన్నది. పోలింగ్ మరునాడు బల్లలు ఎత్తేస్తారు, కార్యకర్తను మరిచిపోతారు. అందుకే దారాన్ని ఎన్నికకు మాత్రమే కట్టగూడదు.

హసన్‌పర్తి సంగతే చూడండి. ఒకప్పుడు దీని పేరుతో శాసనసభ నియోజకవర్గం ఉండేది. 2009 ఎన్నికల నుంచి లేదు, మండలం వర్ధన్నపేటలో చేరింది. గ్రామ పంచాయతీ కూడా పోయి, ఊరు వరంగల్ నగరపాలక సంస్థలో కలిసింది. పంచాయతీ ఉన్న ఊరికి 2018 చట్టం ప్రకారం రెండు నెలలకొక గ్రామసభ ఉన్నది. నగరంలో కలిసిన ఊరికి గ్రామసభ లేదు. దానికి బదులు 2019 మున్సిపల్ చట్టం వార్డుకు నాలుగు కమిటీలు, ఒక్కోదానిలో 15 మంది అన్నది. అందులో ఒకటి యువకులదే. మురికి కాలువ, వీధి దీపం, రేషన్ కార్డు అక్కడ మాట్లాడవలసిన విషయాలు.

ఆ కుర్చీల్లో మనం కూర్చోకపోతే ఎవరో ఒకరు కూర్చుంటారు, లేదా అవి ఖాళీగా ఉంటాయి. మిత్రులారా, సెలవుల్లో మీ వార్డు జాబితా ఒక్కసారి చేతిలోకి తీసుకోండి. అందులో ఎన్ని పేర్లకు ముఖం గుర్తు పట్టగలరో లెక్కపెట్టండి. గుర్తు పట్టలేని మొదటి పేరు ఉన్న ఇంటికి పోయి తలుపు తట్టండి.