ట్రాక్టరు బ్యాటరీ ఛార్జి ఎక్కనప్పుడు లోపమును కనుగొను విధము

తెల్లవారి సెల్ఫు కొట్టగా ట్రాక్టరు ఇంజను తిరుగక, ‘టక్కు’మని ఆగిపోవుట రైతులకు తెలిసిన బాధయే. నలుగురిని పిలిచి తోయించుట, సాయంత్రము వాలులో నిలుపుట కొన్నాళ్లు సాగును. చివరకు కొత్త బ్యాటరీ కొందురు. కాని బ్యాటరీలో ఛార్జి లేకపోవుట వేరు, బ్యాటరీ చెడిపోవుట వేరు. బ్యాటరీ నీటి తొట్టి వంటిది. తొట్టి ఎండినదన్నచో తొట్టికే చిల్లి పడి యుండవచ్చును. మోటారు నీరు తోడకుండవచ్చును. గొట్టము పూడిపోయి యుండవచ్చును. ఎవరో కొళాయి విప్పి మరచి యుండవచ్చును. ఏది కారణమో చూడక తొట్టిని మార్చినచో డబ్బు దండుగ.

మా ఇంట జరిగినది చెప్పెదను. ఒక రబీ కోతల కాలమున ధాన్యపు ట్రాలీతో రాత్రివేళ మార్కెట్ యార్డునకు పోవుచుండగా దీపములు క్రమముగా ఎఱ్ఱబారి, ట్రాలీ వెనుక దీపము ఆరిపోయినది. వెనుక వచ్చు లారీ డ్రైవరుకు దగ్గరకు వచ్చువరకు మేము కనబడలేదు. బారెడు దూరములో బ్రేకు వేసి ఆపగలిగెను. మరునాడే కొత్త బ్యాటరీ తెచ్చితిమి. మూడు వారములు తిరుగకముందే అదియు సెల్ఫు కొట్టుట మానినది. అప్పుడుగాని మీటరు చేతబట్టవలెనని తోచలేదు.

ఈ పరీక్షకు ఎలక్ట్రికల్ దుకాణములలో దొరకు చిన్న మల్టీమీటరు చాలును. దానిని డి.సి. 20 ఓల్టుల గుర్తుపై ఉంచవలెను. ఛార్జి ఎక్కునప్పుడు బ్యాటరీ నుండి మండు వాయువు వెలువడును గనుక దగ్గర బీడీ, అగ్గిపుల్ల పనికిరావు. తీగలు విప్పునప్పుడు మైనసు తీగను ముందుగా విప్పి, బిగించునప్పుడు దానిని చివర బిగించవలెను. టెర్మినళ్లపై పేరుకొను తెల్లని పొడిని వంటసోడా కలిపిన నీటితో కడిగి, గీకి, గట్టిగా బిగించిన పిమ్మటనే పరీక్ష మొదలిడవలెను. సోడా నీరు బ్యాటరీ లోపల పడరాదు.

మొదటి కొలత ఇంజను రాత్రంతయు ఆగియున్న పిమ్మట తీయవలెను. బ్యాటరీ రెండు టెర్మినళ్ల నడుమ 12.6 ఓల్టులు చూపినచో నిండుగా నున్నట్లు, 12.2 చూపినచో సగము. 12 కంటె తగ్గినచో దాదాపు ఖాళీ. ఖాళీగా నున్నంత మాత్రమున బ్యాటరీని తప్పుపట్టరాదు. బయట ఛార్జరుపై నింపించి, ఇంజను అంటుకొనకుండ డీజిలు ఆపు కడ్డీని లాగిపట్టి, పది సెకనులు సెల్ఫు కొట్టి చూడవలెను. నిండుగా నున్న బ్యాటరీ అప్పుడు 9.6 ఓల్టులకు దిగువకు పడినచో అది నిజముగా అలసినదని తెలియును. మూతలున్న బ్యాటరీ అయినచో హైడ్రోమీటరుతో ఒక్కొక్క గదిని చూడవచ్చును. అన్ని గదులలోను 1.250 ఉండి, ఒకదానిలో 1.150 మాత్రమే యున్నచో ఆ గది పోయినట్లే. నీరు తగ్గినచో డిస్టిల్డు వాటరు పోయవలెనే గాని బోరు నీరు, ఆసిడు పోయరాదు.

రెండవ కొలత ఇంజను నడుచునప్పటిది. ఇంజనును కొంచెము వేగముగా తిప్పి మరల బ్యాటరీ పైననే చూడవలెను. 13.8 నుండి 14.5 ఓల్టుల వరకు చూపినచో ఛార్జి సరిగా వచ్చుచున్నది. దీపములన్నియు వెలిగించినను 13.5కు తగ్గరాదు. 12లోనే నిలిచి క్రమముగా దిగుచున్నచో ఛార్జి రాకున్నట్లు. 15 దాటినచో అది మరొక రోగము: రెగ్యులేటరు పాడై బ్యాటరీ ఉడుకుచు, నీరు త్వరగా తరుగును, బల్బులు మాడును.

ఛార్జి రానప్పుడు ముందు ఫ్యాను బెల్టును చూడవలెను. దమ్ము చేయునప్పుడు చిమ్మిన బురద, నూర్పిళ్ల దుమ్ము బెల్టును నునుపు చేయును. పొడవైన భాగము నడుమ బొటనవ్రేలితో నొక్కగా 10 నుండి 15 మిల్లీమీటర్లు దిగుట సామాన్యముగా సరియైన బిగువు. బెల్టు అరిగి పుల్లీ గాడి అడుగును తాకుచున్నచో ఎంత బిగించినను జారును. పిమ్మట తాళము త్రిప్పి బ్యాటరీ గుర్తు దీపము వెలుగునో లేదో చూడవలెను. పెక్కు ఆల్టర్నేటర్లకు తొలి కరెంటు ఈ దీపము గుండనే అందును. బల్బు మాడినచో ఆల్టర్నేటరు మేల్కొనకపోవచ్చును. దీపమునకు బదులు ఆంపియరు ముల్లున్న ట్రాక్టర్లలో, బ్యాటరీ నిండిన పిమ్మట ముల్లు నడిమికి వచ్చుట లోపము కాదు.

ఇక తీగల సంగతి. పెక్కుమంది విడిచిపెట్టునది ఇదియే. ఇంజను తిరుగుచు, దీపములు వెలుగుచుండగా మీటరు ఎఱ్ఱ సూదిని ఆల్టర్నేటరు వెనుక లావు తీగ బిగించు బోల్టునకు, నల్ల సూదిని బ్యాటరీ ప్లస్సునకు తాకించవలెను. సూదులు బెల్టునకు, ఫ్యానునకు తగులకుండ జాగ్రత్త పడవలెను. మంచి తీగపై 0.3 ఓల్టునకు మించి చూపదు. అట్లే ఆల్టర్నేటరు ఒంటికిని బ్యాటరీ మైనసునకును నడుమ 0.2 లోపు ఉండవలెను. మించినచో ఆ దారిలో తుప్పో, వదులో, చెడ్డ అతుకో కలదు. పని చేసిన పిమ్మట చేతికి వేడిగా తగులు అతుకు కూడ అనుమానింపదగినదే.

అన్నియు సరిగానున్నను తెల్లవారుసరికి బ్యాటరీ దిగుచున్నచో కరెంటు ఎక్కడనో కారుచున్నది. ట్రాలీకి తగిలించిన 5 వాట్ల బల్బు ఒక్కటి ఆర్పుట మరచినను 75 ఆంపియర్ అవర్ బ్యాటరీ వారము దాటి ఒక దినములో ఖాళీ యగును. పాటల పెట్టె, అదనపు దీపములు నేరుగా బ్యాటరీకి కలిపినవారు ముందు వానిని విప్పి చూడవలెను. షెడ్డులో ఎలుకలు కొరికిన తీగలను కూడ వెదకవలెను.

ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగ విప్పి ‘ఛార్జి వచ్చుచున్నదా’ యని చూచుట వెనుకటి డైనమోల నాటి అలవాటు. ఆల్టర్నేటరుకు అట్లు చేసినచో లోపలి డయోడ్లు మాడవచ్చును. ట్రాక్టరుకు గాని, తగిలించిన ట్రాలీకి గాని వెల్డింగు చేయించునప్పుడు బ్యాటరీ తీగలను, ఆల్టర్నేటరు తీగలను విప్పించవలెను.

మా ట్రాక్టరు గుర్తు దీపము ఇంజను అంటుకొనగానే ఆరుచుండెడిది, దానితో మోసపోతిమి. ఆల్టర్నేటరు బోల్టు వద్ద 14.3, బ్యాటరీ వద్ద 12.7 ఓల్టులు వచ్చినవి. నడుమ 1.6 ఓల్టులు ఎక్కడ పోయెనని టేపు విప్పుచు పోగా, రెండేండ్ల క్రితము అదనపు దీపము కొరకు నేనే మెలిపెట్టి చుట్టిన అతుకు నల్లగా మాడి బయటపడినది. మూరెడు కొత్త తీగ వేసి, లగ్గులు నొక్కించితిమి. ఆ రాత్రి నుండి దీపములు తెల్లగా వెలిగినవి. పాత బ్యాటరీని పరీక్షించి చూతమనుకొంటిని గాని, దానిని అప్పటికే కొత్తదాని కొనుగోలులో మారకమునకు ఇచ్చివేసి యుంటిమి.