జ్వరం వస్తే ముందు మూత్ర పరీక్ష

ప్రశ్న: మా పాపకు మూడేళ్లు. ఏడాదిలో రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి తీవ్రంగా జ్వరపడింది. ఎడమవైపు గ్రేడ్ 3 రిఫ్లక్స్ ఉందని, రోజూ రాత్రి యాంటీబయాటిక్ వేయమని చెప్పారు. ఇన్నాళ్లు మందు వాడితే పాప నీరసించిపోతుందని మా అత్తయ్య భయం. ఆపేయొచ్చా? ఆపరేషన్ తప్పదా?
– ఒక తల్లి, తెనాలి

సమాధానం: మీ అంతట మీరు మందు ఆపకండమ్మా. అత్తయ్యగారికి చెప్పండి, ఇది జబ్బు తగ్గించడానికి ఇచ్చే పూర్తి మోతాదు కాదు, అందులో కొంత భాగమే. రాత్రంతా మూత్రం మూత్రాశయంలో నిలిచి ఉంటుంది కాబట్టి పడుకునేముందు వేస్తారు.

మూత్రాశయం నిండినప్పుడు మూత్రం తిరిగి కిడ్నీ వైపు ఎగదన్నడమే రిఫ్లక్స్. దానితో పాటు సూక్ష్మజీవులు కిడ్నీకి చేరితే మచ్చ పడొచ్చు. పడిన మచ్చ పోదు. 607 మంది పిల్లలపై అమెరికాలో జరిగి, 2014లో వెలువడిన ‘రివర్’ అధ్యయనంలో రోజూ మందు వాడినవారికి ఇన్ఫెక్షన్ తిరగబెట్టడం సగానికి తగ్గింది. మచ్చల్లో మాత్రం తేడా కనబడలేదు. పైగా, మందు వాడుతున్నా వచ్చిన ఇన్ఫెక్షన్లలో ఆ మందుకు లొంగనివి ఎక్కువ. అందుకే ఈ మందు అందరికీ రాయరు. మీ పాపకు రెండుసార్లు జ్వరంతో వచ్చింది కనుక రాయడం సబబే.

మీరు రాయని సంగతొకటి అడుగుతాను. పాపకు విరేచనం రోజూ సాఫీగా అవుతోందా? గట్టిపడిన మలం మూత్రాశయాన్ని నొక్కుతుంది, మూత్రం పూర్తిగా బయటికి పోదు. మలబద్ధకం తగ్గకపోతే ఎన్ని మందులు వేసినా ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంది. చాలా ఇళ్లలో దీన్ని ఎవరూ పట్టించుకోరు. నీళ్లు, పళ్లు, కూరలు సరిపడా పెట్టండి, అవసరమైతే విరేచనం మెత్తబడే మందు అడగండి. ఆటలో పడి మూత్రం బిగబట్టుకోకుండా రెండు మూడు గంటలకోసారి కూర్చోబెట్టండి. పాదాలకు పీట ఆనించి, తొందరపెట్టకుండా కూర్చోనివ్వండి.

ఆపరేషన్ గురించి ఇప్పుడే బెంగ వద్దు. గ్రేడ్ 3 చాలామందికి వయసుతో పాటు తగ్గుతుంది. మందు వాడుతున్నా జ్వరంతో ఇన్ఫెక్షన్లు వస్తుంటే, కొత్త మచ్చలు పడుతుంటే అప్పుడు ఆలోచిస్తారు. ఏటా బీపీ, ఎదుగుదల చూపించుకోండి.

జలుబూ దగ్గూ లేకుండా 100.4 డిగ్రీలు దాటి జ్వరం వస్తే ఆ రోజే యూరిన్ కల్చర్‌కు ఇచ్చి, ఆలస్యం లేకుండా చికిత్స మొదలుపెట్టించండి. ఇంట్లో మిగిలిన సిరప్ మాత్రం పట్టకండి. అది వేశాక చేసే పరీక్షలో అసలు సూక్ష్మజీవి దొరక్కపోవచ్చు.