టెర్మినల్‌లో ఫైలు దారి తెలుసుకుందాం

హాస్టల్‌లో ఎవరైనా "పక్క గదిలో ఉంది, తెచ్చుకో" అంటే మనం ఏ గదిలో ఉండి విన్నామన్నదే ముఖ్యం. 5వ గదిలో వింటే ఒకచోటికి, 11వ గదిలో వింటే మరోచోటికి వెళ్తాం. "12వ గది" అంటే మాత్రం ఎక్కడినుంచైనా ఒక్కచోటికే చేరతాం. లినక్స్ టెర్మినల్‌లో ఫైలు దారులు కూడా ఈ రెండు రకాలే.

అన్ని ఫోల్డర్లకూ పైన ఒక మూల ఫోల్డర్ ఉంటుంది. దాని గుర్తు స్లాష్ (/). స్లాష్‌తో మొదలైతే అది పూర్తి దారి. అలా మొదలుకానిది సాపేక్ష దారి. దీన్ని మనం ప్రస్తుతం ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కించాలి. ఒక చుక్క (.) అంటే ఉన్నచోటు. రెండు చుక్కలు (..) అంటే ఒక మెట్టు పైన ఉన్న ఫోల్డర్.

ఉదాహరణకు /హోమ్/రవి/ల్యాబ్/మార్కులు అనే ఫైలును 'క్యాట్' కమాండ్‌తో చూడాలనుకుందాం.

ల్యాబ్‌లో ఉంటే: క్యాట్ మార్కులు
రవిలో ఉంటే: క్యాట్ ల్యాబ్/మార్కులు
రవిలోని 'పాటలు' ఫోల్డర్‌లో ఉంటే: క్యాట్ ../ల్యాబ్/మార్కులు

ఫైలు ఒక్కటే, మనం ఉన్నచోటు మారితే దారి మారింది.

ఇక్కడొక మెలిక ఉంది. ల్యాబ్‌లో 'లెక్క' అనే ప్రోగ్రాం ఉంది, అది 'మార్కులు' ఫైలును తెరుస్తుంది. రవిలో ఉండి ల్యాబ్/లెక్క అని నడిపితే ప్రోగ్రాం మొదలవుతుంది కానీ మార్కులు దొరకవు. ఎందుకంటే ప్రోగ్రాం ఉన్నచోటి నుంచి కాక, మనం కమాండ్ ఇచ్చినచోటి నుంచి వెతుకుతుంది. 'సీడీ ల్యాబ్' అని లోపలికి వెళ్లి, ./లెక్క అని నడిపితే సరిపోతుంది.

ఫైలు తీసేసే 'ఆర్‌ఎం' కమాండ్‌తో మరీ జాగ్రత్త. అదే పేరుగల ఫైలు వేరే ఫోల్డర్‌లోనూ ఉంటే, ఉండవలసినదే పోవచ్చు. చెత్తబుట్టలోంచి తిరిగి తీసుకునే వీలుండదు. ముందు 'పీడబ్ల్యూడీ'తో ఎక్కడున్నామో, 'ఎల్‌ఎస్'తో అక్కడేమున్నాయో చూసుకోవాలి.

ప్రాక్టికల్ పరీక్షలో "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని రాగానే, రాసిందంతా పోయిందనుకుని మళ్లీ మొదటినుంచి టైపు చేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. ఇంట్లో అడగడానికి చదివినవారు లేని మనలాంటివారికి ఆ జంకు తొందరగా వస్తుంది. మా ఇళ్లలో డిగ్రీ చదివిన మొదటివాళ్లం మేమే కనుక అది మాకు తెలుసు. ఆ మాటకు అర్థం 'మీరు చెప్పిన దారిలో ఆ ఫైలు లేదు' అని మాత్రమే. కంగారుపడకుండా ఎక్కడున్నామో చూసుకుంటే, దారి దానంతటదే తెలుస్తుంది.