రోబో లోపల ఏముందో ఎలా పరీక్షిస్తారు?



చూపు పరీక్ష చేయించుకున్నవారికి గోడ మీది అక్షరాల చార్టు గుర్తుండే ఉంటుంది. వరుసలో ముందున్నవారు చదివేది విని, తమ వంతు రాగానే అవే అక్షరాలు గడగడా అప్పజెప్పేవారు కొందరుంటారు. జవాబు సరైనదే. కాని అది కంటిలో నుండి వచ్చింది కాదు, జ్ఞాపకంలో నుండి వచ్చింది. అనుమానం వస్తే డాక్టరు చార్టు మారుస్తారు, లేదా లైటు వేసి కంటి లోపలికే చూస్తారు. ఈ నెల పాఠం రోబోల గురించి. అయినా ఈ చార్టును మరచిపోకండి.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. నేడు ఆసుపత్రులలో "రోబో ఆపరేషన్" అంటే చాలావరకు డా విన్సీ వంటి యంత్రంతో చేసేదే. దాని చేతులను కదిలించేది సర్జనే. యంత్రం తనంతట తాను ఏదీ నిర్ణయించదు. అయితే సొంతంగా నిర్ణయించేవి ప్రయోగశాలల్లో తయారవుతున్నాయి. 2025లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం వారు, సర్జన్లు చేసిన ఆపరేషన్ల వీడియోలతో నేర్పిన ఒక రోబోకు పరీక్ష పెట్టారు. పందుల శరీరం నుండి తీసిన 8 పిత్తాశయాల మీద నాళానికి, రక్తనాళానికి క్లిప్పులు వేసి కత్తిరించే పని ఇచ్చారు. ఎనిమిదింటిలోనూ పూర్తి చేసింది. రక్తంలాంటి రంగు పోసి అవయవాల రూపు మార్చినా పని చేసింది. అంటే చార్టు మార్చి చదివించారన్నమాట.

కాని ఎన్ని చార్టులని మారుస్తాం? ఏ ఇద్దరి కడుపూ ఒకేలా ఉండదు. అందుకే లోపలికి చూడాలి.

ఏ పరిస్థితిలో ఏ కదలిక చేయాలో నిర్ణయించే ప్రోగ్రామును ఇంజినీర్లు "పాలసీ" అంటారు (ఇన్సూరెన్సు పాలసీ కాదు). ఇటువంటి రోబోలలో ఆ నియమాలను ఎవరూ కూర్చుని రాయరు. అభ్యాసం మీద అభ్యాసం చేయించగా లక్షల అంకెలు సర్దుకుంటాయి. తెరిచి చూస్తే కనబడేది ఆ అంకెలే.

2018లో ఓపెన్ఏఐ సంస్థ అయిదు వేళ్ళ యంత్రపు చేతికి, ముఖాల మీద అక్షరాలున్న ఒక దిమ్మను వేళ్ళతో తిప్పడం నేర్పింది. కంప్యూటరు లోపలి నకలు చేతితో దాదాపు 100 సంవత్సరాలకు సమానమైన అభ్యాసం చేయించారు. ప్రతిసారీ దిమ్మ పరిమాణం, బరువు, జారుడు కొంచెం మార్చేవారు. ఎంత మార్చారో పాలసీకి చెప్పలేదు. తరువాత, దిమ్మను 5 సెకన్లు ఆడించాక పాలసీ జ్ఞాపకంలోని అంకెలను తీసి పరిశీలించారు. ఈ దిమ్మ సగటు కన్నా పెద్దదా, చిన్నదా అన్నది వాటిని బట్టే 80 శాతం సార్లు సరిగా చెప్పగలిగారు. బెల్లం దిమ్మను చేతిలో ఎగరేసి తూకం చెప్పే వ్యాపారిలా, ఆ చేయి ఏదో తెలుసుకుందన్నమాట.

"రోబోకు అర్థమైంది" అని రాసే వ్యాసాలు చాలా ఇక్కడే ఆగిపోతాయి. అది తొందరపాటు అని నా అభిప్రాయం. రక్తపరీక్ష రిపోర్టు ఫైలులో ఉన్నంత మాత్రాన, డాక్టరు దానిని చూసే మందు రాశారని చెప్పలేం కదా! ఇంకొక చిక్కు కూడా ఉంది. అంకెలను చదివే ప్రోగ్రాము మరీ తెలివైనదైతే, అక్కడ లేని విషయాన్ని తానే కల్పించుకోవచ్చు. కనుక కొత్త మందును ఉత్తి చక్కెర మాత్రతో పోల్చినట్లు, శిక్షణే లేని పాలసీ జ్ఞాపకంతో కూడా పోల్చి చూడాలి.

ఈ పని శ్రద్ధగా చేసిన పరిశోధన 2023లో వచ్చింది. కంప్యూటరులో నిర్మించిన ఇళ్ళలో తిరిగే, చూపు లేని రోబోల మీద చేశారు. వాటికి కెమెరా లేదు. తాము ఎంత కదిలామో, ఎటు తిరిగామో, గమ్యం ఎక్కడో మాత్రమే తెలుస్తుంది. ఎన్నడూ చూడని ఇళ్ళలో కూడా దాదాపు 95 శాతం సార్లు గమ్యం చేరాయి. జ్ఞాపకాన్ని చదివితే తిరిగిన చోటు పటం బయటపడింది. గోడను తాకామా లేదా అన్న సంగతి కూడా అందులో ఉంది.

పరిశోధకులు అక్కడితో ఆగలేదు. పాత అడుగుల జ్ఞాపకం లేకుండా చేస్తే పనితనం తగ్గింది. సుమారు 1000 అడుగుల వెనుకటి సంగతులు కూడా వాటికి అక్కరకు వస్తున్నాయని తేలింది. అంటే ఆ రిపోర్టు ఫైలులో ఊరికే పడి లేదు. తరువాత, ప్రయాణం ముగించిన రోబో జ్ఞాపకాన్ని తీసి, అదే చోట బయలుదేరే మరో రోబోకు అందించారు. మొదటిది తడుముకుంటూ చుట్టు తిరిగిన చోట, రెండవది అడ్డదారిన వెళ్ళింది. ఖాళీ జ్ఞాపకం, శిక్షణ లేని జ్ఞాపకం ఇచ్చినవి అంత బాగా వెళ్ళలేదు. ఒక సంగతి గమనించండి: ఆ రెండవదానికి ఇతరుల జ్ఞాపకాన్ని వాడుకోవడం వేరుగా నేర్పారు. కాబట్టి ఇది పటం ఉందనడానికి మంచి రుజువే గాని, మొదటి రోబో మనసంతా తెలిసిపోయిందని కాదు.

ఇప్పుడు మళ్ళీ పిత్తాశయం దగ్గరికి వద్దాం. ఆ ఆపరేషన్లో సర్జన్లు ఎక్కువగా భయపడేది ఒక పొరపాటుకు. పిత్తాశయం నుండి వచ్చే చిన్న నాళం అనుకొని, కాలేయం నుండి పేగుకు పైత్యరసం తీసుకువెళ్ళే ప్రధాన నాళాన్ని కత్తిరించడం. ఎనిమిదికి ఎనిమిది సరిగా చేసిన రోబోను మనం అడగవలసింది ఇదే: ఆ రెండు నాళాల తేడా దాని జ్ఞాపకంలో చదవగలమా? ఆ తేడాను చెరిపివేస్తే దాని చేయి తడబడుతుందా, లేక ఏమీ జరగనట్లే కత్తిరించుకుంటూ పోతుందా? చెరిపి చూసే పరీక్షను కంప్యూటరులో చేయవచ్చు, పందుల అవయవాల మీద చేయవచ్చు. బల్ల మీద రోగి పడుకున్నాక చేయలేరు.