గబ్బిలాల సర్వేక్షణ: వ్యవసాయ శాస్త్రవేత్తకు తగిన శిక్షణ

పంట పొలాలపై రాత్రివేళ జరిగే కీటక భక్షణ పగటి పరిశీలనలకు అందదు. అమెరికాలోని దక్షిణ-మధ్య టెక్సాస్‌లో పత్తి సాగయ్యే ఎనిమిది కౌంటీలలో, కాయతొలుచు పురుగుల తల్లిపురుగులను గబ్బిలాలు తినడం వలన కలిగే ప్రయోజనం ఏటా సుమారు 7.4 లక్షల డాలర్లని 2006లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా వేసింది. థాయ్‌లాండ్‌లో వరిని ఆశించే తెల్లవీపు దోమ నియంత్రణలో గబ్బిలాల పాత్రను 2014లో మరొక అధ్యయనం వివరించింది. దక్కను పీఠభూమిలో అటువంటి అంచనాకు పూనుకొనే ముందు గబ్బిలాలను సరిగా లెక్కించగలగాలి. తోటలో నష్టానికి గబ్బిలమే కారణమని తొందరపడి, అవి వ్రేలాడే చెట్టును నరికించిన తరువాత ఆ సలహాను వెనక్కు తీసుకోవడం సాధ్యం కాదు.

చింత, మర్రి వంటి చెట్లపై పగలంతా బాహాటంగా వ్రేలాడే పెద్ద పండ్ల గబ్బిలాలను కంటితోనే లెక్కించవచ్చు. గుహలలో, పాత కోటలలో ఉండేవాటిని సూర్యాస్తమయానికి ముందే ద్వారం వద్ద కూర్చొని, బయటకు వచ్చేకొద్దీ లెక్కించాలి. ఈ రెండు పద్ధతులనూ కొద్ది రోజుల అభ్యాసంతో నేర్చుకోవచ్చు.

అతిధ్వనుల నమోదు మాత్రం అంత తేలిక కాదు. యంత్రాన్ని కొన్నంత మాత్రాన సర్వే వచ్చినట్లేనన్న అభిప్రాయం కొందరు విద్యార్థులలో కనిపిస్తుంది. ఆకుముక్కు గబ్బిలాలలో కొన్ని జాతుల ధ్వని 100 కిలోహెర్ట్జ్‌కు మించి ఉంటుంది. నమోదు యంత్రం సెకనుకు తీసుకొనే నమూనాల సంఖ్య, నమోదు చేయదలచిన పౌనఃపున్యానికి రెండింతలకు పైగా ఉండాలి. అంతటి హెచ్చు పౌనఃపున్య ధ్వని గాలిలో త్వరగా క్షీణించి కొద్ది మీటర్లలోనే అందకుండా పోతుంది. 20 కిలోహెర్ట్జ్ పరిసరాల్లో ధ్వనించే జాతులు ఎంతో దూరం నుండి వినబడతాయి. కాబట్టి రెండవ రకం ఎక్కువసార్లు నమోదైందని, అవే ఎక్కువగా ఉన్నాయని తేల్చరాదు. ఒకే గబ్బిలం యంత్రం ముందు పదిసార్లు తిరగవచ్చు. నమోదైన సంచారాల సంఖ్య జంతువుల సంఖ్య కాదు. పండ్ల గబ్బిలాలలో అధిక భాగం ప్రతిధ్వనిపై ఆధారపడవు గనుక వాటికి ఈ యంత్రం దాదాపు నిరుపయోగం. ఈ పరిమితులను బోధించని శిక్షణ, ధ్రువపత్రం ఎంత ఘనంగా ఉన్నా, అసంపూర్ణమే.

ఇంగ్లండులో లైసెన్సు ఉన్నవారి వెంట క్షేత్రానుభవం గడించిన తరువాతనే స్వతంత్ర సర్వే లైసెన్సుకు దరఖాస్తు చేసుకొంటారు. ఇక్కడి శిక్షణార్థి కూడా ఆ క్రమాన్నే అనుసరించడం మేలు. ప్రకటనల కోసం వేచి ఉండడం కన్నా, గబ్బిలాలపై పరిశోధన సాగిన ఉస్మానియా విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర విభాగం, మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం, కోయంబత్తూరులోని సలీం అలీ కేంద్రం వంటి చోట్ల క్షేత్ర బృందాలను సంప్రదించి, వారి సర్వేలలో సహాయకునిగా పాల్గొనే అవకాశం అడగడం ఫలవంతం. శిక్షకుడు ఎవరైనా రెండు విషయాలు తప్పక విచారించాలి: క్షేత్రంలో గడిపే రాత్రులెన్ని, పట్టివేతకు అనుమతి ఉన్నదా.

మిస్ట్‌నెట్‌తో పట్టడం చివరి దశలో నేర్చుకోవలసిన విద్య. రేబీస్ నివారణ టీకా ముందే వేయించుకోని వారిని గబ్బిలాన్ని ముట్టనివ్వరాదు. 2018లో కోళికోడ్‌లో నిపా వ్యాధి ప్రబలిన తరువాత చేతితొడుగులు, ముఖకవచాల అవసరాన్ని ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. పూర్వం పండ్ల గబ్బిలాలను వన్యప్రాణి సంరక్షణ చట్టపు ఐదవ షెడ్యూలులో హానికర జంతువులుగా చేర్చి ఉండేవారు. 2022 సవరణతో ఆ హానికర జాబితా తొలగింది. పాత పుస్తకాలు చదివినవారు ఈ మార్పును గమనించడం లేదు. పట్టదలచినవారు ముందుగా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుని అనుమతి పొందాలి. పిల్లలను మోసే తల్లులు ఉన్న కాలంలో నివాసంలోకి వెళ్ళరాదు. బెదిరిన తల్లి నుండి పిల్ల జారి నేల పడుతుంది.

కృషి విజ్ఞాన కేంద్రాలలో తొలి అభ్యాసంగా, ఒకే నివాసం వద్ద ఇద్దరు పరిశీలకులు వరుసగా మూడు సాయంత్రాలు, పరస్పరం సంప్రదించుకోకుండా, బయటికి వచ్చే గబ్బిలాలను లెక్కించవచ్చు. రెండు లెక్కల నడుమ వచ్చే తేడాను సగటు మాటున దాచక నివేదికలో యథాతథంగా చూపాలి.